మందు గది

జనవరి 7, 1985, సోమవారం

ఈ డైరీ ఇన్సూరెన్సు ఏజెంటు మా సాబ్‌కు ఇచ్చింది. సాబ్‌కు ఇట్లాంటివి రెండొచ్చాయి కాబట్టి ఒకటి నా బల్ల మీద పడేసి, పాలవాడి లెక్క రాసుకో శంకరమ్మా అన్నాడు. పాలవాడి లెక్క రాయను. ఇంటి సంగతులు అసలే రాయను. ఆఫీసులో పైకి అనలేని మాటలు మింగి మింగి గొంతు పట్టుకుపోతోంది. వాటికే ఈ పుస్తకం.

భోపాల్ సంగతి జరిగి నెల దాటింది. పేపర్లో ఆ ఫోటోలు చూసినప్పటి నుంచి నాకు అన్నం సరిగ్గా సయించడం లేదు. ఇప్పుడు పైనుంచి హుకుం దిగింది. ప్రమాదమైన సరుకు ఊళ్ళో ఎక్కడెక్కడ ఉందో పటం గీసి పంపాలి. ఏదైనా జరిగితే జనాన్ని ఎటు తరలించాలో దాన్ని చూసి పై ఆఫీసువాళ్ళు నిర్ణయిస్తారు. తాండూరు పటం నాకిచ్చారు.

నేను ట్రేసర్‌ని. ఇంకొకళ్ళు గీసిన పటం మీద పల్చటి గుడ్డ పరిచి, కింద కనిపించే గీతల్ని ఇంకుతో దిద్దడం నా పని. గీత వంకరపోతే నా తప్పు, తిన్నగా వస్తే ఇంజినీరు గొప్ప. ఈసారి కింద ఏ గీతా లేదు. ఎర్ర చుక్క ఎక్కడ పెట్టాలో నేనే తిరిగి చూసి పెట్టాలి. సాబ్ నా మీద గౌరవంతో ఏమీ ఇవ్వలేదు, ఆఫీసులో మగవాళ్ళందరూ ఊరంతా కాలినడకన తిరగలేమన్నారు కాబట్టి ఇచ్చాడు. ఎందుకిచ్చినా ఇక ఇది నాది.

జనవరి 10

తోడుగా ఉస్మాన్ సాబ్‌ను పంపారు. సర్వే గొలుసు పట్టుకుని పొలాల్లో తిరిగీ తిరిగీ, బజార్లో నడిచేటప్పుడు కూడా ఆయన అడుగు కొలిచినట్టే వేస్తాడు.

ఐస్ ఫ్యాక్టరీ, నీళ్ళ ట్యాంకు దగ్గర క్లోరిన్ సిలిండర్లు, స్టేషన్ వెనక కిరోసిన్, అదే గ్యాసునూనె డిపో, పప్పు మిల్లుల్లో పురుగు పట్టకుండా బస్తాల మధ్య పెట్టే మాత్రలు. అన్నీ చూశాను. ప్రతి చుక్కకూ పక్కన మూడు గడులు. మొదటి దాంట్లో చోటు, రెండో దాంట్లో సరుకు, మూడో దాంట్లో ఆ సంగతి చెప్పినవారి పేరు. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వెళ్ళి అడగడానికి.

ఊళ్ళో ఎక్కడా ప్రమాదం లేదట. ఐస్ ఫ్యాక్టరీ అయ్య తన దగ్గర ఉన్నది గ్యాసే కాదు, చల్లగాలి అన్నాడు. ఆ చల్లగాలి గొట్టం దగ్గర నిలబడితే నాకు కళ్ళల్లో నీళ్ళు కారాయి. చుక్క పెట్టి, మూడో గడిలో ఆయన పేరే రాశాను.

జనవరి 11

ముక్కు ఇంకా మండుతోంది. ప్రమాదం లేదు కాబట్టి పడిశం అయి ఉంటుంది.

జనవరి 18

ఈ రోజు మందు గదికి చుక్క పెట్టాను.

మా దిక్కు మందు అంటే ఒకటి కాదు. దవాఖానలో ఇచ్చేదీ మందే, కంది చేనుకు కొట్టేదీ మందే, సాయంత్రం దుకాణంలో కూర్చుని తాగేదీ మందే, బండను పేల్చేదీ మందే. ఏ మందో ఎవరూ విడమరచి చెప్పరు, మాట్లాడే మనిషిని బట్టి అర్థమైపోతుంది. నాపరాతి గనుల్లో మందు అంటే జిలెటిన్ కడ్డీలు, వాటిని పేల్చే టోపీలు.

చంద్రప్ప సావుకారికి గనులున్నాయి, స్టేషన్ రోడ్డు మీద బండలు నునుపు పట్టే షెడ్డు ఉంది. పర్మిషన్ ఉన్న మందు గది ఊరికి దూరంగా గని దగ్గరే ఉంది కానీ దాని కప్పు కూలిపోయింది. బాగు చేయించడానికి సావుకారికి తీరిక లేదు. సరుకంతా ఊళ్ళోకి తెచ్చి షెడ్డు వెనక గదిలో పెట్టిస్తున్నాడు. ఆ గది వెనక గోడ, ఆడపిల్లల బడి గోడ ఒక్కటే. ఇంటర్వెల్‌లో పిల్లలు ఆ గోడకు బంతి కొట్టి పట్టుకునే ఆట ఆడుతుంటే చూస్తూ నిలబడ్డాను.

ఇదంతా తిరిగి తెలుసుకోలేదు. ఆ గది తాళంచెవి మా ఇంట్లోనే ఉంటుంది. చంద్రప్ప దగ్గర మందు చూసుకునే మనిషి మా ఆయనే.

రెండో గడిలో మందు గది అని రాశాను. మూడో గడి ఖాళీగా వదిలేశాను. చెప్పింది ఆయనే కదా, ఆయన పేరు నేనెట్లా రాస్తాను? పెళ్ళయినప్పటి నుంచి ఆ పేరు నా నోట రాలేదు. రేషన్ కార్డు రాసే రోజు కూడా పక్కింటి యాదమ్మ పలికి రాయించింది. ఆఫీసులో ఈ ఖాళీని ఎవరూ పట్టించుకోరు.

జనవరి 19

ఇది ఇంటి సంగతి కాదు, ఆఫీసు సంగతే.

చుక్క పెట్టానని ఆయనకు చెప్పాను. దాచి పెట్టే అలవాటు నాకు లేదు. తింటున్న చెయ్యి ఆపి నా వైపు చూశాడు.

"తీసెయ్," అన్నాడు.

"తియ్య."

"నేనుండంగ ఏమైతది? ఇన్నేండ్లల్ల గా గదికి బీడీతోని వోయినోడున్నడా? అగ్గిపెట్టె గడప అవుతల్నే ఇడిపిస్త. ఇనుప నాడాలున్న చెప్పులు గుడ ఇడిపిస్త."

అది నిజమే. అంత జాగ్రత్త మనిషి ఈ తాండూరులో ఇంకొకరు లేరు. కానీ ఆయనకు జ్వరమొచ్చిన రోజు? ఆయన లేని రోజు? అడిగితే, నీ పటం ఆఫీసుల గోడకు ఏలాడుతది, నేను రోడ్డు మీద వడ్త అన్నాడు. చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆయన తలనొప్పి సంగతి నాకొక్కదానికే తెలుసు. కడ్డీలు ముట్టిన రోజు ఆయనకు తల పగిలిపోతుంది. ఆ సరుకు గుణమే అంత, చేతి చర్మంలోంచి లోపలికి పోయి తలకెక్కుతుంది. ముట్టని రోజు నొప్పి రాదు. పెళ్ళయిన కొత్తలో తెలియక దిష్టి తీసేదాన్ని. ఆయనే నవ్వి అసలు సంగతి చెప్పాడు. ఎండాకాలం కడ్డీలకు చెమట పడుతుందని, అప్పుడు వాటిని చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తాలని కూడా ఆయనే చెప్పాడు. అన్నీ ఆయన చెప్పినవే. ఇప్పుడు తీసెయ్ అంటే ఎట్లా తీస్తాను?

జనవరి 22

ఇంట్లో మాటల్లేవు. ఇంటి సంగతులు రాయనన్నాను, రాయడం లేదు.

జనవరి 31

సాబ్ పిలిచాడు. లోపల చంద్రప్ప కూర్చుని చాయ తాగుతున్నాడు. తెల్లటి ధోవతి, నుదుట విభూతి, నోట్లో ఎప్పుడూ మంచి మాటే. నన్ను చూసి లేచి కుర్చీ జరిపాడు కూడా.

సాబ్ పటం పరిచి, బ్లేడు తీసి నా ముందు పెట్టాడు. ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకు రబ్బరుతో పోదు, బ్లేడుతో గీకాలి. ఒక్క చుక్కే కదమ్మా అన్నాడు. ఊళ్ళో అన్ని చుక్కలుండగా ఈ ఒక్కటీ లేకపోతే పటానికి వచ్చిన లోటేమిటని అడిగాడు.

"చెల్లె, నీ సంసారం మీద నువ్వే చుక్క వెట్టుకుంటవా?" అని చంద్రప్ప మెల్లగా అన్నాడు. నాకు తిక్క లేచింది.

"చుక్క గదికి వెట్టిన సావుకారీ. సంసారానికి వెట్టాల్నంటె గీ సీసల ఇంకు సరిపోదు," అన్నాను.

బ్లేడు తీసి సాబ్ చేతికే ఇచ్చాను. మీరే గీకండి సాబ్, గీకిన చోట గుడ్డ లేస్తుంది, పక్కనే మీ సంతకం పెట్టండి, రేపు ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఉంటుంది అన్నాను. సాబ్ బ్లేడును అటూ ఇటూ తిప్పి చూశాడు, గడ్డం తడుముకున్నాడు, సొరుగులో వేసుకున్నాడు. పటం చుక్కతోనే పై ఆఫీసుకు పోయింది.



ఫిబ్రవరి 10, ఆదివారం

ఆయనే మాట కలిపాడు. "ఖాళీ చేసినం. సరుకంత గని కాడికి తోలించిన. ఆడ కప్పు గుడ ఏసిన్రు," అన్నాడు.

నమ్మాను. ఎందుకు నమ్మను? నాతో అబద్ధమాడే మనిషి కాదు. తలకాయ కూర వండాను. యాదమ్మకు కూడా గిన్నెలో పెట్టిచ్చాను. ఎన్నాళ్ళకో ఇంట్లో నవ్వులు వినిపించాయని ఆమె అంది. నా పటానికి ఇంత బలం ఉందని నాకే తెలియదు. ఒక్క చుక్కతో సావుకారి చేత కప్పు వేయించాను.

ఫిబ్రవరి 21

ఆయనకు తలనొప్పి. ఎండలు ముదురుతున్నాయి.

ఫిబ్రవరి 27

తలనొప్పి. చెరువు గాలి పడలేదేమో.

మార్చి 12

పటం తిరిగి వచ్చింది. పై ఆఫీసులో ఇంగ్లీషులోకి మార్చి, నీలం కాగితం మీద కాపీలు తీయించి, గుర్తులకు ఎర్ర రంగు దిద్ది అందరికీ పంచారు. నా చుక్కలన్నీ వరసగా చూసుకుంటూ పోయాను. ఐస్ ఫ్యాక్టరీ ఉంది, గ్యాసునూనె ఉంది. చంద్రప్ప షెడ్డు వెనక నా ఎర్ర చుక్క లేదు. అక్కడ ఎర్ర సిలువ గుర్తు ఉంది, దవాఖాన గోడల మీద ఉండేది. పక్కన మెడిసిన్ రూం అని రాసి ఉంది.

ముందు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని నవ్వాను, ఉస్మాన్ సాబ్ మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

పటం తెచ్చింది పై ఆఫీసు టైపిస్టే. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు, పేర్లు మార్చింది కూడా అతనే. అడిగితే పాపం బిక్కమొహం పెట్టాడు.

"మందు గది అంటే మందులుండే గదే కదండీ. మా వైపు ఆ సరుకుని మందుగుండు అంటామండీ. మిగతావాటిల్లో ఏది అర్థం కాకపోయినా పక్కన పేరుంది, వాళ్ళని కనుక్కున్నాను. దీనికి పేరు లేదు. ఎవర్ని అడగమంటారు?"

నవ్వు అక్కడే ఆగిపోయింది. నా ఖాళీ గడి నా మొహాన కొట్టినట్టయింది.

పటంతోపాటు వచ్చిన ప్లాను ఇట్లా ఉంది. తాండూరులో గ్యాసు లీకైనా, మంటలు లేచినా, దెబ్బ తగిలినవాళ్ళను చంద్రప్ప షెడ్డుకు మోసుకురావాలి. బడిపిల్లల్ని ఆ ఆవరణలోనే చేర్చాలి. ఇదంతా సరిగ్గా జరుగుతుందో లేదో చూడటానికి వచ్చే నెల ఒక రోజు ఉత్తుత్తి ప్రమాదం పెట్టి, సైరన్ మోగించి, నిజంగా తరలించి చూస్తారు.

సాబ్ చేతులెత్తేశాడు. చంద్రప్ప మాత్రం మిఠాయి పంపాడు, తన గది దవాఖాన అయిందని. నా బల్ల మీద పెట్టిన ముక్కను ఉస్మాన్ సాబ్ తిన్నాడు, నేను ముట్టలేదు.

మార్చి 15

పొద్దున బండికి వికారాబాద్ పోయాను, సెలవు పెట్టుకుని. ప్లాను తయారుచేసిన ఇంజినీరు అక్కడే ఉంటాడు. పగలంతా వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి, లంచి అయ్యాక పిలిచాడు. చెడ్డవాడేమీ కాదు. ఓపిగ్గా విన్నాడు, మందు మాటకు నవ్వాడు కూడా.

నవ్వడం అయ్యాక ఇట్లా అన్నాడు. "ఇదివరకు ఏ మందున్నా, ఇప్పుడు గది ఖాళీ అయిందని మీ ఆయనే వచ్చి మా ముందు చెప్పాడు కదమ్మా. ఖాళీ గది, రోడ్డు పక్కన ఉంది, నీడ ఉంది, బోరు ఉంది. ఇంతకన్నా మంచి చోటుంటే మీరే చూపించండి."

ఆయన ఇక్కడిదాకా వచ్చి చెప్పాడని నాకు తెలియదు. తెలిసినట్టే తలూపాను. ప్లాను మార్చాలంటే మళ్ళీ అందరూ ఒప్పుకోవాలట, వచ్చే ఏడు చూద్దామన్నాడు.

తిరుగు బండికి స్టేషన్‌లో కూర్చున్నాను. పక్కన అనంతగిరి క్షయ దవాఖాన నుంచి దిగినవాళ్ళు, గుడ్డ సంచుల్లో సీసాలు పెట్టుకుని. మందు టైముకు తాగాలె అని ఒకామె తన మొగుడికి చెబుతోంది. నాకు ఆమె మీద కూడా కోపం వచ్చింది, ఎందుకో.

మార్చి 16

అడిగాను. ఖాళీయే అన్నాడు. నా మొహంలోకి చూసే అన్నాడు. నమ్మాను.

ఏప్రిల్ 2

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. ఎండ మామూలుగా లేదు.

ఆయన పనినుంచి రాగానే పడుకున్నాడు. నుదుటికి మందు రాశాను. కళ్ళు మూసుకునే, చల్లగున్నదే అన్నాడు. ఆయన చేతులు నా ఒళ్ళోనే ఉన్నాయి. వాసన చూద్దామనిపించింది. చూడలేదు.

ఎండే.

ఏప్రిల్ 9

షమ్సున్నీసా ఆపా ఆఫీసుకు వచ్చింది. ఆడపిల్లల బడిలో పెద్ద టీచరు. ఎల్లుండే ఆ ఉత్తుత్తి ప్రమాదం. సైరన్ మోగగానే పిల్లల్ని వరసగా నడిపించి చంద్రప్ప షెడ్డు ముందు నిలబెట్టాలని ఆమెకు చెప్పారు. నిజంగా మంటలు లేచినట్టు కనిపించడానికి ఆవరణలో లారీ టైర్లు కాలుస్తారట. ఎవరో పెద్దవాళ్ళు చూడటానికి వస్తారు కాబట్టి పొగ బాగా రావాలట.

ఆమె కుర్చీలో కూర్చోకుండానే అడిగింది. "శంకరమ్మా, సచ్ చెప్పు. గా కమ్రా ఖాళీయేనా?"

"ఖాళీయే ఆపా."

"నువ్వు చెప్పినవంటె ఇగ నాకు ఫికర్ లేదు," అని నా భుజం తట్టి వెళ్ళిపోయింది.

ఆమె నన్ను నమ్మింది. నేను ఆయన్ని నమ్మినట్టు.

ఏప్రిల్ 11, గురువారం

చాలా పొద్దుపోయింది. అయినా ఈ రోజుదంతా ఈ రోజే రాస్తాను.

పొద్దున లేచేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తలకు తువ్వాల బిగించి కట్టుకున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నాకన్నా ముందే లేచి ఎటో పోయి వచ్చాడు, కాళ్ళకు బండల పొడి ఉంది. చాయ ఇస్తే తాగలేదు.

"ఇయ్యాల ఆఫీసుకు వోకు," అన్నాడు.

పొద్దున పూట తలనొప్పి. ఎండ ఇంకా రానేలేదు. దీనికి ఇక ఏ పేరు పెట్టుకోను? తలుపు దగ్గర కాసేపు నిలబడ్డాను. తర్వాత చీర మార్చుకుని బయల్దేరాను. ఆయన నా వెనకాలే వచ్చాడు, నాలుగిళ్ళ ఎడం ఉంచి.

షెడ్డు ముందు షామియానా వేశారు. వికారాబాద్ ఇంజినీరు, మా సాబ్, ఇంకా ఎవరెవరో కుర్చీల్లో ఉన్నారు. ఫైరింజన్ వచ్చి నిలబడింది. మందు గది తలుపుకు ఎర్ర సిలువ కాగితం అతికించి ఉంది. తలుపుకు కొంచెం ఎడంగా టైర్లు కుప్ప పోసి, వాటి మీద గ్యాసునూనె పోస్తున్నారు. సైరన్ మోగింది. ఆపా వెనక పిల్లలు రెండు వరసల్లో, నోటికి దస్తీలు అడ్డం పెట్టుకుని, నవ్వాపుకుంటూ వస్తున్నారు. వాళ్ళకిది పండగ లాగుంది.

సాబ్ దగ్గరికి పోయి చెప్పాను, ఇంజినీరుకూ చెప్పాను. తర్వాత మాట్లాడదామన్నారు ఇద్దరూ. అగ్గిపెట్టె పట్టుకున్నవాడు సైగ కోసం చూస్తున్నాడు. ఇక నాకు చెప్పడానికి మనుషులు మిగలలేదు. పోయి టైర్ల కుప్ప మీద కూర్చున్నాను.

సిగ్గనిపించలేదు. చీరకంతా నూనె అంటింది. సాబ్ లే అని గద్దించాడు. పిల్లలు గేటు దగ్గరే ఆగిపోయారు. చంద్రప్ప మాత్రం నెమ్మదిగానే, చెల్లెకు ఎండ తాకింది, ఎవరన్న ఇంటికి తోల్కవోండ్రి అన్నాడు.

"గది ఖాళీ అని రికార్డులో ఉందమ్మా," అన్నాడు ఇంజినీరు.

"ఖాళీ గదికి తాళం ఎందుకు సార్? దెబ్బలు తాకినోళ్ళను తాళం మీద పండవెడ్తరా?"

అప్పుడు కొందరు తలుపు వైపు చూశారు. తాళంచెవి గని దగ్గర ఉండిపోయిందని చంద్రప్ప అన్నాడు. చెవి ఎక్కడుందో నాకు తెలుసు. షెడ్డు స్తంభానికి ఆనుకుని నేల చూస్తూ నిలబడ్డ మనిషి మొలతాడుకు ఉంది. ఏమయ్యా అని పిలిచాను. వినలేదు. ఓయ్ అన్నాను. అక్కడ అంతమంది మగవాళ్ళున్నారు, ఏమయ్యా అంటే ఎవరైనా కావచ్చు. ఎవరూ కాకుండానూ పోవచ్చు.

"బీరన్నా."

ఆవరణలో తలలన్నీ నా వైపు తిరిగాయి. అంత గట్టిగా అరవలేదు నేను. ఆయన తలెత్తి చూశాడు, ఎవరో కొట్టినట్టు.

"బీరన్నా, నీ తల ఎందుకు నొస్తున్నది?"

సాబ్‌కు అర్థం కాలేదు, ఇంజినీరుకూ కాలేదు. నిజంగా పిచ్చెక్కిందనే అనుకుని ఉంటారు. చంద్రప్ప ముఖం మాత్రం పాలిపోయింది. మా ఆయన నన్నే చూస్తున్నాడు. తర్వాత గేటు దగ్గర పిల్లల్ని చూశాడు. తలకు కట్టిన తువ్వాల విప్పి చేతికి చుట్టుకున్నాడు.

"అగ్గిపెట్టె అవుతల వడెయ్యిండ్రి," అన్నాడు. ఎవరికీ వినపడలేదు, మళ్ళీ అన్నాడు. "లోపల మందున్నది. గదినిండ ఉన్నది. పొద్దుగాల్నే నేను సర్ది బస్తాలు కప్పిన. పోరగాండ్లను దూరం తోల్కవోండ్రి. జల్ది."

ఎవరూ అరవలేదు. ఆపా మారుమాట లేకుండా పిల్లల్ని వెనక్కి తిప్పింది. పోతూ పోతూ నా వైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు గురించి రాయలేను. కుర్చీలు ఎప్పుడు ఖాళీ అయ్యాయో చూడలేదు. ఫైరింజన్ వాళ్ళు టైర్లను దొర్లించుకుపోయి, షెడ్డంతా నీళ్ళతో తడిపారు.

కడ్డీల డబ్బాలు ఎత్తడానికి ఎవరూ ముందుకు రాలేదు. కడ్డీలకు చెమట పట్టి ఉంది. ఆయనే ఒక్కొక్క డబ్బా తడి గోనె మీద పెట్టి, చంటిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, లారీలోకి మోశాడు. రోడ్డుకు అవతల నిలబడి, ఆఖరి డబ్బా దాకా చూశాను. పొమ్మన్నారు, పోలేదు.

ఏప్రిల్ 12

ఆయన నౌకరి పోయింది. నాకు మెమో వచ్చింది, పెద్దల ముందు టైర్ల మీద కూర్చున్నందుకు. ఎందుకు కూర్చున్నావో వివరణ ఇమ్మన్నారు. నాకు కుర్చీ వేయలేదు కాబట్టి అని రాద్దామనుకున్నాను. ఉస్మాన్ సాబ్ చెయ్యి పట్టుకుని ఆపాడు.

ఆపా ఇంటికి పోయాను. తలుపు తీసింది, చాయ పోసింది, మాట్లాడలేదు. రేపు మళ్ళీ పోతాను. మాట్లాడేదాకా పోతాను.

ఏప్రిల్ 14, ఆదివారం

ఇది ఇంటి సంగతి. రాస్తున్నాను.

ఆయన ఈ రోజు నోరు విప్పాడు. నాకు ఆయన మీద ఉన్న కోపం తక్కువది కాదు. నా మొహంలోకి చూసి ఖాళీ అన్న మనిషి. అదే అడిగాను. నౌకరి లేకుంట ఇంట్ల కూసుంటె నీ కంటికి నేను ఆనుతనా అన్నాడు. ఆ భయం ఆయనకుందని నాకు ఎన్నడూ తెలియదు. దానికి అంతమంది పిల్లల ప్రాణాలా అన్నాను. తల దించుకున్నాడు.

తర్వాత మెల్లగా అన్నాడు, మందు సంగతి బయట పెట్టించినందుకు తనకు కోపం లేదట. నలుగురిలో పేరు పెట్టి పిలిచినందుకేనట.

"మల్ల గూడ పిలుస్త," అన్నాను.

"తెలుసు," అన్నాడు.

ఈ వారం అంతా తలనొప్పి లేదు. ఎండ మాత్రం మండుతూనే ఉంది.

ఏప్రిల్ 29

దిద్దమని అసలు పటం, ఆ ట్రేసింగ్ గుడ్డ, నా దగ్గరికే తిరిగి పంపారు. పై ఆఫీసులో నా చుక్క మీదే ఎర్ర సిలువ గీశారు. సాబ్ సొరుగులోంచి అదే బ్లేడు తీసి ఇచ్చాడు. గది ఇప్పుడు నిజంగానే ఖాళీ అయింది కాబట్టి సిలువ గీకేసి ఊరుకో, చుక్క అక్కర్లేదు అన్నాడు.

"ఇదివరకు కూడా ఖాళీ అన్నారు కదా సాబ్," అన్నాను.

నాకు వికారాబాద్‌కు బదిలీ అయింది. అక్కడ గీసే పని ఇవ్వరట, బీరువాల్లో పాత పటాలు దులిపి సర్దాలట. దులుపుతాను. దులిపేటప్పుడు కళ్ళు మూసుకోమని ఆర్డరులో ఎక్కడా రాయలేదు. ఆయన కూడా వస్తానన్నాడు, పని అక్కడ చూసుకుంటాడట.

సిలువ గీకాను. గీకిన చోట గుడ్డ ఇంకును ఎక్కువ తాగుతుంది. మళ్ళీ చుక్క పెడితే అది పాకి, పటంలో అన్నిటికన్నా పెద్దదైంది. పాకనీ. రెండో గడిలో మందు గది కొట్టేసి, బండలు పేల్చే మందు అని రాశాను, ఏ ఊరినుంచి వచ్చిన టైపిస్టుకైనా అర్థమయ్యేటట్టు. మూడో గడి దగ్గర కలం ఆగింది. సాబ్ నా భుజం మీదుగా చూస్తున్నాడు, ఆడది ఏం రాస్తుందో చూద్దామని.

చెప్పినవారి పేరు: బీరన్న.